బెంగళూరులో తక్కువ ఖర్చుతో దహన సంస్కారం: ఎవరిని పిలవాలి, ఏ కాగితాలు కావాలి?

సుమలత_మారతహళ్లి:
అందరికీ నమస్కారం. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఎనభై దాటిన పెద్దవాళ్లున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఊళ్లో అయితే కబురందగానే నలుగురూ వచ్చి పాడె కట్టేస్తారు, మనం ఒకరిని అడగక్కర్లేదు. ఇక్కడ ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు, ఆ గాభరాలో ఎవరెంత అడిగితే అంత ఇచ్చేస్తాం. ఇంట్లో పోతే ఏం చేయాలి, ఆస్పత్రిలో పోతే ఏం చేయాలి, కరెంటు దహనమా కట్టెలా, డబ్బు ఎక్కడ పోతుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఆర్భాటం వద్దు, అప్పు వద్దు, పోయిన మనిషికి జరగాల్సిన మర్యాద మాత్రం తగ్గకూడదు.

వెంకటరావు_జయనగర:
సుమలత గారూ, ముందు కాగితం సంగతి చూసుకోవాలండి. డాక్టరు ఇచ్చే మరణకారణ ధ్రువపత్రం చేతిలో లేకపోతే శ్మశానంలో పేరు రాసుకోరు, బండి అక్కడే ఆగిపోతుంది.

ఆస్పత్రిలో పోతే ఈ పత్రం వాళ్లే ఇస్తారు, అది ఫారం 4. ఇంట్లో పోతే ఫారం 4ఎ, దాన్ని చివరిసారి వైద్యం చేసిన డాక్టరు ఇవ్వాలి. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం దీనికి డాక్టరు ఫీజు తీసుకోకూడదు. ఇంటికి వచ్చి చూసినందుకు విజిట్ ఫీజు అడిగితే అది వేరే సంగతి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. మంచాన పడి, మందులు వాడుతూ, ఇవాళో రేపో అన్నట్టున్న పెద్దవాళ్లు ఇంట్లో కన్నుమూశాక కంగారులో కారులో వేసుకుని క్యాజువాల్టీకి తీసుకెళ్తారు. అక్కడ 'ప్రాణం పోయాక తెచ్చారు' అని రాసి పోలీసులకు కబురు పెడతారు. అక్కడి నుంచి పంచనామా, పోస్టుమార్టం దాకా వెళ్లొచ్చు. ప్రాణం ఉందేమోనన్న అనుమానం ఏ కొంచెమున్నా 108కి ఫోన్ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. పోయారని స్పష్టంగా తెలిసిన సహజ మరణమైతే మాత్రం ఎప్పుడూ చూసే డాక్టరును ఇంటికి పిలిపించుకోండి. అందుకే మంచాన ఉన్నవాళ్లను నెలా రెండు నెలలకోసారైనా దగ్గర్లోని ఎంబీబీఎస్ డాక్టరుకు చూపిస్తూ ఉండాలి. ఆయన చీటీలు, డిశ్చార్జి సమ్మరీ ఒక ఫైలులో పెట్టి ఉంచండి. ముక్కూ మొహం తెలియని మనిషికి మరణకారణం రాసివ్వడానికి ఏ డాక్టరూ ముందుకు రాడు, రాకపోవడం న్యాయమే.

ప్రమాదం, కాలిన గాయాలు, ఆత్మహత్య, విషం, అనుమానాస్పద మరణం అయితే పోలీసులు లేకుండా అడుగు వేయకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద వాళ్లు విచారణ చేస్తారు. పోస్టుమార్టం అయ్యాక శవాన్ని మనకు అప్పగించినట్టు ఇచ్చే కాగితాన్నే శ్మశానంలో చూపించాలి. పెద్దవాళ్లు బాత్రూములో జారిపడి, తుంటి విరిగి, కొన్ని వారాల తర్వాత ఆస్పత్రిలో పోయినా ఇదే వరస రావచ్చు, ఎందుకంటే మూలకారణం పడిపోవడం. 'మా నాన్నకు వయసైపోయి పోతే పోలీసులెందుకు' అని ఆస్పత్రివాళ్లతో వాదిస్తే పూట గడిచిపోతుంది తప్ప ఫలితం ఉండదు. చేర్చిన రోజే మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసుగా రాశారో లేదో కనుక్కుని ఉంచుకోండి.

శ్మశానానికి తీసుకెళ్లాల్సినవి: డాక్టరు పత్రం, పోయినవాళ్ల ఆధార్, దహనం చేసే బంధువు ఆధార్. ఒక్కొక్కటి మూడేసి జిరాక్సులు పెట్టుకోండి. పొద్దున్నే జిరాక్సు షాపులు తెరవరు, అక్కడే గంట పోతుంది.

పద్మ_నర్సు:
కాగితాల గురించి రావు గారు చెప్పారు, నేను శరీరం గురించి చెప్తాను. మొదటి రెండు గంటల్లో చేయాల్సినవి తర్వాత చేద్దామంటే కుదరవు. పోయిన రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కట్టెలా అవుతుంది.

వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ సాఫీగా చాపండి. రెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టండి. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి మెత్తటి గుడ్డ కట్టండి, లేకపోతే నోరు తెరుచుకునే ఉండిపోతుంది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టండి. తల కింద పలచటి దిండు ఉంచాలి. తల ఒంటికంటే కిందికి ఉంటే రక్తం మొహంలోకి దిగి చర్మం ఊదారంగు తేలుతుంది, చూడటానికి వచ్చినవాళ్లు తట్టుకోలేరు. ముక్కులో, చెవుల్లో దూది పెట్టండి. నడుము కింద పెద్దవాళ్ల డైపరు, దాని కింద ప్లాస్టిక్ షీటు వేయండి. కండరాలు వదులై మలమూత్రాలు రావడం మామూలే. ఉంగరాలు, గాజులు అప్పుడే తీసేయాలి. వేలు ఉబ్బితే సబ్బునీళ్లు రాసి తిప్పుతూ లాగండి.

కళ్లు దానం చేయాలనుకుంటే ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తల కొంచెం ఎత్తుగా పెట్టి ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. నారాయణ నేత్రాలయలో డాక్టర్ రాజ్‌కుమార్ ఐ బ్యాంకు ఉంది, మింటో ఆస్పత్రి ఉంది. వాళ్లే ఇంటికి వస్తారు, దహనానికి అడ్డేమీ రాదు.

కిరణ్_హెచ్ఎస్ఆర్:
పద్మ గారూ, ఐస్ పెట్టె తప్పనిసరా? అద్దెకిచ్చేవాళ్లు అది లేకపోతే కుదరదంటారు.

పద్మ_నర్సు:
ఐదారు గంటల్లో దహనానికి బయల్దేరేట్టయితే అక్కర్లేదు. ఏసీ ఉన్న గదిలో 18 డిగ్రీలు పెట్టి, తలుపు మూసి, లోపల పది మందిని కూర్చోనివ్వకుండా ఉంటే చాలు. రాత్రంతా ఉంచాలన్నా, ఇంకో ఊరి నుంచి పిల్లలు రావాలన్నా పెట్టె తెప్పించండి.

తెప్పిస్తే కొన్ని చూసుకోవాలి. శరీరం పెట్టకముందే అరగంట ఖాళీగా ఆన్ చేసి చల్లబడనివ్వండి. నేల సమంగా ఉండాలి, లేకపోతే లోపల చేరిన నీరు ఒక పక్కకు వచ్చి బట్టలు తడుస్తాయి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, వేడెక్కి కాలిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు మీద పెట్టె కంప్రెసరు నడవదు. అపార్ట్‌మెంటు జనరేటరు చాలాచోట్ల లైట్లకూ లిఫ్టుకే ఇచ్చి ఉంటుంది, సాకెట్లకు వస్తుందో లేదో ఎలక్ట్రీషియన్ను అడగండి. ప్రతివాళ్లూ మూత తీసి మొహం చూస్తుంటే చల్లదనం నిలవదు. పైన అద్దం ఉంటుంది, అందులోంచి చూడమని చెప్పడానికి ఒకరిని అక్కడే కూర్చోబెట్టండి.

పెట్టె దాదాపు ఏడడుగులు ఉంటుంది, మామూలు లిఫ్టులో పట్టదు. పై అంతస్తులవాళ్లు అసోసియేషన్‌తో మాట్లాడి కింద హాల్లోనో పార్కింగులోనో చోటు అడగాలి. పాడె కూడా కిందే కట్టుకోండి. పైనుంచి దించేటప్పుడు మందపాటి దుప్పటిలో ఆరుగురు పట్టుకుంటే సరిపోతుంది. మెట్ల మీద కాళ్లు ముందు, తల వెనక ఉండాలి. అలా అయితే తల ఎత్తులో ఉంటుంది, నోట్లోంచి ఏమీ కారదు.

సత్యం_రుద్రభూమి_సేవ:
దహనం దగ్గరికి వద్దాం. నగరంలో కరెంటు చితాగారాలు చాలా ఉన్నాయి: విల్సన్ గార్డెన్, బనశంకరి, హెబ్బాళ, కల్పళ్లి, సుమనహళ్లి, మేడి అగ్రహార, పాణత్తూరు, కూడ్లు, పీణ్య, కెంగేరి. సుమలత గారికి పాణత్తూరు దగ్గర. ఇవన్నీ ప్రభుత్వానివే. 2025 సెప్టెంబరులో పాలికె (బీబీఎంపీ, నగర కార్పొరేషన్) పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, కానీ చితాగారాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రుసుము చాలా తక్కువ. 2020లో కరెంటు దహనానికి 250 రూపాయలు ఉండేది, కోవిడ్‌తో పోయినవాళ్లకు అదీ తీసేశారు. ఇప్పటి రుసుము అక్కడి ఆఫీసులో అడిగి, కట్టినదానికి రసీదు తీసుకోండి. మరణం నమోదుకు ఆ రసీదు కావాలి. రసీదు లేని డబ్బు ఏదైనా అది రుసుము కాదని గుర్తుంచుకోండి. లోపల పనిచేసేవాళ్లకు సంతోషంగా ఎంతో కొంత ఇవ్వడం మన పద్ధతి. వాళ్లు చేసే పనికి అది న్యాయం కూడా. ఎంత ఇవ్వాలో ఇంట్లోనే అనుకుని, ఒకే మనిషి చేత ఇప్పించండి. నలుగురు నాలుగు జేబుల్లోంచి తీస్తే లెక్క ఉండదు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి రెండు అడగండి: ఇవాళ కొలిమి పనిచేస్తోందా, మన ముందు ఎన్ని ఉన్నాయి? మరమ్మతులకు ఆపిన రోజులుంటాయి. రెండు కొలిములున్న చోట ఒకటే నడుస్తుండొచ్చు. ఒక్కో దహనానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, కాబట్టి ముందు ముగ్గురుంటే మూడు నాలుగు గంటలు ఆగాల్సిందే. రద్దీ అంతా మధ్యాహ్నమే. కుదిరితే పొద్దున తెరిచే వేళకు వెళ్లండి.

కొలిమిలోకి ఏం వెళ్లకూడదో ముందే తెలుసుకోవాలి. లోపల 600 నుంచి 800 డిగ్రీల వేడి ఉంటుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి అంటుకుంటాయి, నూలు పంచె లేదా నూలు చీర మంచిది. దండలన్నీ తీసి పక్కన పెడతారు, కాబట్టి దండలకు డబ్బు పోయొద్దు, వచ్చేవాళ్లకూ ఒక మాట చెప్పండి. కొబ్బరికాయలు, సీసాలు, ఇత్తడి వస్తువులు, రబ్బరు చెప్పులు వద్దు. నెయ్యి గిన్నెలకొద్దీ పోయాల్సిన పని లేదు, పావుకిలో చాలు.

కట్టెలతో చేయాలనుకునేవాళ్లకు: పెద్ద మనిషికి 400 నుంచి 500 కిలోల ఎండు కట్టెలు పడతాయి, పిడకలు వేరే. వానాకాలం కట్టె తడిగా ఉంటే ఇంకా కావాలి, పూర్తిగా కాలక మర్నాడు ఇబ్బంది అవుతుంది. కట్టెల ధర, తూకం, పేర్చే కూలి విడివిడిగా అడగండి. ఖర్చు తగ్గించడమే ముఖ్యమైతే కరెంటు దహనమే నయం, ఆచారానికి లోటేమీ రాదు. దింపుడు కళ్లం, కుండ పగలగొట్టడం, కొరివి అన్నీ బయట అరుగు మీద చేయనిస్తారు. చిన్న కట్టెపేడు మీద కర్పూరం వెలిగించి తాకించాక లోపలికి పంపిస్తారు. కూతురు కొరివి పెడతానంటే చట్టంలో ఎక్కడా అడ్డు లేదు.

రమణి_బనశంకరి:
గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల సంగతేంటండి? మోకాలి చిప్ప మార్చినవాళ్లకు కూడా తీయించాలా?

పద్మ_నర్సు:
మోకాలి చిప్పలు, స్టెంట్లు, తుంటి రాడ్లు అలాగే ఉండొచ్చు, బూడిదలో మిగిలితే అక్కడివాళ్లు ఏరేస్తారు. పేస్‌మేకర్ మాత్రం తప్పకుండా తీయించాలి. దాని లిథియం బ్యాటరీ వేడికి పేలుతుంది. కొలిమి లోపలి ఇటుకలు పగులుతాయి, దగ్గరున్న మనిషికి దెబ్బ తగలొచ్చు. సాధారణంగా ఎడమ కాలరు ఎముక కింద చర్మం లోపలే ఉంటుంది, డాక్టరు చిన్న గాటు పెట్టి తీసి కుట్టేస్తారు. ఆస్పత్రిలో పోతే శరీరం అప్పగించేలోపే అడగండి. షాక్ ఇచ్చే రకం, అంటే ఐసీడీ అయితే ముందు దాన్ని ఆపాలి, ఆపకుండా కోస్తే తీసేవాళ్లకే షాక్ కొడుతుంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దు.

కిరణ్_హెచ్ఎస్ఆర్:
'అన్నీ మేమే చూసుకుంటాం' అనే ప్యాకేజీ వాళ్ల సంగతేంటి? ఆస్పత్రి గేటు దగ్గరే కార్డులు ఇస్తారు.

వెంకటరావు_జయనగర:
మనుషులు లేని ఇంటికి వాళ్లు అవసరమే, తప్పు పట్టను. మొత్తం ఒక్క అంకె చెప్తే మాత్రం ఒప్పుకోవద్దు. బండి, ఐస్ పెట్టె, పాడె (ఇక్కడ చట్ట అంటే తొందరగా అర్థమవుతుంది), సామాను, పంతులు గారు, మోసేవాళ్లు, ఒక్కొక్కటి విడిగా వాట్సాప్‌లో రాసి పంపమనండి. అప్పుడు అక్కర్లేనివి కొట్టేయొచ్చు. మాట మీద ఒప్పుకుంటే శ్మశానం గేటు దగ్గర 'వెయిటింగు' అని కొత్త లెక్క మొదలవుతుంది. కొలిమి దగ్గర వరస ఎంత ఉన్నా బండి ఆగినందుకు అదనం లేదని ముందే అనిపించుకోండి.

ఇంకో మాట. అంత్యక్రియలు, శ్మశానం, మార్చురీ సేవలకూ, శవాన్ని తరలించడానికీ జీఎస్టీ లేదు. సీజీఎస్టీ చట్టం మూడో షెడ్యూలులో ఉంది. బిల్లులో 18 శాతం కలిపితే తీసేయమనండి.

సామాను మీరే కొనుక్కోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. ఏడెనిమిది అడుగుల వెదురు గడలు రెండు, అడ్డంగా కట్టడానికి ఏడు చిన్న బద్దలు, కొబ్బరి తాడు, ఐదు మీటర్ల తెల్ల నూలుగుడ్డ, కొత్త మట్టికుండ, నిప్పుకు చిన్న మూకుడు, పసుపు, కుంకుమ, నువ్వులు, కిలో బియ్యం, పేలాలు, కర్పూరం, నెయ్యి, అగరొత్తులు. దారిలో చల్లడానికి చిల్లర. నైలాన్ తాడుతో పాడె కడితే ముడులు జారతాయి, కొబ్బరి తాడే వాడండి.

శీను_చిత్తూరు:
ఊరికి తీసుకెళ్లాలా, ఇక్కడే కానిద్దామా అన్నది కూడా రాయండి. చాలా ఇళ్లల్లో గొడవ అక్కడే.

సత్యం_రుద్రభూమి_సేవ:
శీను గారూ, ఖర్చు ఎగిరేది అక్కడే. ఉదాహరణకు అనంతపురం దాకా రెండువందల పైచిలుకు కిలోమీటర్లు, బండివాళ్లు రానూపోనూ లెక్కేస్తారు. ఐస్ పెట్టె ఉన్న బండి చాలు, ఆక్సిజనూ అవీ ఉన్న అంబులెన్సుకు ఎక్కువ ఇవ్వొద్దు. కిలోమీటరు ధరలో టోలు, డ్రైవరు బత్తా కలిసి ఉన్నాయో లేదో అడగండి. డాక్టరు పత్రం జిరాక్సు, ఆధార్ బండిలో ఉంచండి. పోస్టుమార్టం అయి ఉంటే పోలీసులిచ్చిన కాగితం కూడా ఉండాలి. విమానంలో అయితే ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందు ఎక్కించడం) చేసినట్టు పత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, సీలు వేసిన పెట్టె కావాలి. ఒక రోజు దానికే పోతుంది.

ఊళ్లో భూమి, సమాధులు, ఎదురుచూసే తల్లి ఉంటే తీసుకెళ్లడమే సబబు, దాన్ని డబ్బుతో తూచలేం. 'నలుగురూ ఏమనుకుంటారో' అన్నదొక్కటే కారణమైతే ఇక్కడే దహనం చేసి, అస్థికలు ఊరికి తీసుకెళ్లి పెద్దకర్మ అక్కడ పెట్టుకోండి. అందరూ అప్పుడు వస్తారు.

భాగ్య_వైట్‌ఫీల్డ్:
ఆస్పత్రి బిల్లు మొత్తం కట్టేదాకా శరీరం ఇవ్వమంటే ఏం చేయాలి?

వెంకటరావు_జయనగర:
అలా ఆపడానికి వీల్లేదండి. కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థల చట్టానికి 2017లో చేసిన సవరణలోనే ఇది ఉంది. బాకీ ఉంటే తర్వాత వసూలు చేసుకోవాలి, శరీరాన్ని పట్టుకుని కూర్చోకూడదు. బిల్లింగు కౌంటరులో వాదించకుండా మెడికల్ సూపరింటెండెంటును కలిసి ఈ చట్టం పేరు చెప్పి, రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే పోలీస్ స్టేషనుకు వెళ్లండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకోటి మర్చిపోతారు. పోయిన మనిషి పేరు మీదే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 రూపాయల దాకా వస్తుంది. మూడు నెలల్లోపు ఫారం 22 ఇవ్వాలి. అందుకే రసీదులు పారేయొద్దు.

రమణి_బనశంకరి:
అస్థికల గురించి కూడా చెప్పండి సత్యం గారూ.

సత్యం_రుద్రభూమి_సేవ:
పెద్ద మనిషి అస్థికలు, బూడిద కలిపి రెండు మూడు కిలోలు ఉంటాయి. చిన్న ముంత తీసుకెళ్తే చాలదు. మూడు లీటర్లు పట్టే మట్టికుండ, మూతికి కట్టడానికి కొత్త గుడ్డ తీసుకెళ్లండి. చల్లారాక అదే రోజు ఇస్తారు, ఆలస్యమైతే మర్నాడు పొద్దున. కట్టెల చితి అయితే సంచయనం మర్నాడే. పాలు, కొబ్బరినీళ్లు చల్లి ఏరుతారు. మన పేరు రాసిన చీటీ, రసీదు సరిచూసుకుని తీసుకోండి.

నిమజ్జనానికి బెంగళూరువాళ్లు ఎక్కువగా శ్రీరంగపట్నం పశ్చిమవాహినికి వెళ్తారు, కావేరి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. కుండతో సహా నీళ్లలో వదలకండి, గుడ్డ, ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు. కాశీకో గయకో విమానంలో తీసుకెళ్తే ఇత్తడి చెంబు వద్దు, ఎక్స్‌రేలో లోపల ఏముందో కనపడక తెరవమంటారు. మట్టిదో చెక్కదో వాడి, దహనం రసీదు, మరణ పత్రం చేతి సంచిలో పెట్టుకోండి.

శీను_చిత్తూరు:
నాన్న ఊరు చిత్తూరు, పోయింది బెంగళూరు ఆస్పత్రిలో, దహనం ఊళ్లో అనుకుందాం. మరణ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి? అప్పటికే నెల దాటిపోతే?

వెంకటరావు_జయనగర:
పోయిన చోటే నమోదు అవుతుంది శీను గారూ, కాబట్టి బెంగళూరులోనే. దహనం ఎక్కడ జరిగినా, ఆధార్‌లో ఏ ఊరున్నా అంతే. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్లే వివరాలు పంపాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్లు 21 రోజుల్లోపు ఆ ప్రాంతపు రిజిస్ట్రారుకు చెప్పాలి. 21 దాటి 30 లోపు అయితే స్వల్ప ఆలస్య రుసుముతో అవుతుంది. 30 దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, దానికి చాలా తిరగాలి.

ఆస్పత్రిలో వివరాల ఫారం నింపేటప్పుడు మీరే దగ్గరుండండి. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడ ఇనిషియల్ చివర రాస్తారు. ఆధార్‌లో కె. వెంకటరమణయ్య, బ్యాంకులో వెంకటరమణయ్య కె., పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటాయి. ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి. భార్య పేరు, తండ్రి పేరు కూడా చూడండి. తర్వాత దిద్దించుకోవడానికి చట్టంలో వీలుంది కానీ ఆధారాలతో దరఖాస్తు పెట్టి తిరగాలి, ఆలోపు పింఛను, ఎల్ఐసీ, బ్యాంకు అన్నీ ఆగుతాయి. చిత్తూరులో పొలం మార్పిడికి కూడా ఇదే పత్రం అడుగుతారు, అందుకని అసలు కాపీలు ఆరేడు ఒకేసారి తీసుకోండి.